చక్రం వెనుక ఎంత జాగా ఉంది?

బండీ బాటా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్నూలు, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన శ్రీనగర్ దాకా పోతుంది. ఆ దారిన మంచు చూడ్డానికి బయల్దేరుతున్న వాళ్ల ప్రశ్నలూ, చలిదేశాల్లో పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలూ ఈ నెల కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: మాది వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న స్పోర్ట్స్ కారు. వెనుక టైర్లు 275/40 ఆర్19. జనవరిలో మనాలి మీదుగా అటల్ టన్నెల్ దాటి సిస్సు వరకు పోవాలని ఉంది. మంచులో పట్టు కోసం టైరుకు చుట్టే స్నో చైన్లు మా టైరు సైజుకు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. టైర్లు మార్చకుండా చైన్లు వేసుకుంటే చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చాలదండీ. డబ్బా మీద మీ టైరు సైజు ఉందంటే ఆ చైను మీ టైరుకు పడుతుందని మాత్రమే అర్థం, మీ కారుకు పడుతుందని కాదు. స్పోర్ట్స్ కారులో వెడల్పాటి టైరును ఇరుకు జాగాలో దూరుస్తారు. లోపలి వైపు షాక్ అబ్జార్బరు, బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సరు తీగ, అన్నీ టైరును ఆనుకున్నట్టే ఉంటాయి. చక్రం తిరిగే కొద్దీ చైను బయటికి ఉబ్బుతుంది. జాగా లేకపోతే మొదట తెగేది ఆ తీగ, తర్వాత గీసుకుపోయేది బ్రేకు గొట్టం.

జాగా తక్కువున్న కార్ల కోసం అమెరికాలో వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ చైన్లకు ‘క్లాస్ ఎస్’ అని ఒక తరగతి పెట్టింది. దానికి కూడా ట్రెడ్ (టైరు నేలను తాకే భాగం) పైన 37 మిల్లీమీటర్లు, లోపలి సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) పక్కన 15 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. మీ కారులో ఎంత ఉందో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. 15 మిల్లీమీటర్ల మందమున్న చెక్కముక్క తీసుకుని టైరు లోపలి అంచు వెంబడి జరుపుతూ పోండి. ఎక్కడైనా ఇరుక్కుందంటే ఆ టైరు మీద చైను ఆలోచన మానుకోవాలి. కొలిచేటప్పుడు జాకీ పెట్టకండి. బండి లేస్తే సస్పెన్షన్ కిందికి జారి లేని జాగా ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలి, సీట్లలో మనుషులు కూర్చోవాలి, డిక్కీలో సామాను ఉండాలి.

దీనికంటే ముందు ఓనర్స్ మాన్యువల్‌లో చైన్ల పేజీ తీయండి. చాలా స్పోర్ట్స్ కార్లకు ఫలానా చిన్న సైజు వింటర్ టైరు మీదే, ఇన్ని మిల్లీమీటర్లకు మించని సన్న లింకుల చైనే వేయాలని రాసి ఉంటుంది. కొన్నిటికి అసలు వేయవద్దని ఉంటుంది. వద్దని ఉంటే ఇక కొలతల పని లేదు.

జాగా ఉందనే అనుకుందాం. వెనుక చైన్లు బండిని తోస్తాయి. కానీ తిప్పేది ముందు చక్రాలు, బ్రేకు భారం ఎక్కువగా మోసేదీ అవే. వాటికున్నది సమ్మర్ టైరు. ఆ రబ్బరు 7 డిగ్రీల కింద బిగుసుకుపోవడం మొదలవుతుంది, గడ్డకట్టే చలిలో కొన్ని స్పోర్ట్స్ టైర్ల ట్రెడ్ పగులుతుంది కూడా. దిగుడులో మీరు స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోతుంది. దానికితోడు కింద ఎత్తు తక్కువ. పొట్ట కింద మంచు దట్టించుకుని చక్రాలను నేల నుంచి లేపేస్తే చైన్లున్నా పట్టు దొరకదు.

మా సలహా: రోడ్డు తేటగా ఉంటే కుల్లూ దాకా మీ కారులో పోండి. అక్కడ ఆపి, స్థానిక 4x4 టాక్సీ మాట్లాడుకోండి. మంచు పడ్డ రోజుల్లో సోలాంగ్ దాటి 4x4 బండ్లనో, చైన్లు వేసిన వాటినో మాత్రమే పోలీసులు వదులుతారు. చైను కనపడితే వదులుతారు గానీ, అది మీ బ్రేకు గొట్టానికి తగులుతోందా అని వాళ్లు చూడరు.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంటాడు. సెకండ్‌హ్యాండ్‌లో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాడు. ముందు 225/40 ఆర్18, వెనుక 245/35 ఆర్18. పక్కన ఎం+ఎస్ అని రాసిన పాత టైర్లు తక్కువకు వస్తున్నాయంట. తీసుకోమనాలా?
– ఒక తండ్రి, కడప

జవాబు: ఎం+ఎస్ (బురద, మంచు అని అర్థం) అక్షరాలు ఒక్కటే ఉంటే తీసుకోవద్దని చెప్పండి. ఆ అక్షరాలు కంపెనీ తనంతట తాను వేసుకునేవి, వాటి వెనుక పరీక్ష లేదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు ఉన్న బొమ్మ సైడ్‌వాల్ మీద ఉండాలి. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే ఆ బొమ్మ వేస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి జర్మనీలో ఈ బొమ్మ ఉన్నవే చలికాలపు టైర్ల కింద లెక్క. మంచు రోడ్డు మీద అవి లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు. అక్కడి చట్టం తేదీలు చెప్పదు, రోడ్డు ఎలా ఉందో చూస్తుంది. జనం మాత్రం అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా వేసి ఉంచుతారు.

పాత టైరు కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడులో చివరి నాలుగంకెలు చదవమనండి. 3821 అంటే 2021లో 38వ వారం తయారైనది. ట్రెడ్ లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లుంటే చాలు. కానీ 4 కంటే తగ్గితే మంచును కరిచి పట్టుకునే సన్నటి చీలికలు పనిచేయవు. పక్కనున్న ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, మంచు రోడ్డు మీద ఆ 4 మిల్లీమీటర్లే చట్టం. మ్యూనిక్ వాళ్లు స్కీయింగ్‌కు తరచూ సరిహద్దు దాటుతారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

సైజు విషయం. 18 అంగుళాల చక్రాన్ని 17కు దించి నాలుగింటికీ 225/45 ఆర్17 వేస్తే ఎంత తేడా వస్తుందో చూద్దాం. టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే 101.25 మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి 202.5. 17 అంగుళాల రిమ్ము 431.8. మొత్తం 634 మిల్లీమీటర్లు. ఇప్పుడున్న ముందు టైరు 637, వెనుక టైరు 629. తేడా ఒక శాతం లోపే, స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. సన్నటి టైరు మంచును నొక్కి పట్టుకుంటుంది, గుంతల్లో రిమ్ము బతుకుతుంది, నాలుగూ ఒకే సైజు కాబట్టి ముందువి వెనక్కి మార్చుకోవచ్చు, వెనుక చైనుకు కాస్త జాగా మిగులుతుంది. అయితే పెద్ద బ్రేకు కాలిపరు (డిస్కును నొక్కి పట్టే భాగం) చిన్న రిమ్ములో పట్టాలి, ఆ సైజు కారు పత్రాల్లో అనుమతించినదై ఉండాలి. రెండూ చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

నాలుగూ వింటర్ టైర్లే వేయాలి, రెండు మాత్రం మార్చి సరిపెట్టుకోకూడదు. బోల్టులు కాలితో తొక్కి బిగించకూడదు. మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) పెట్టి బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉండే కొన్ని పోర్షె చక్రాలకు 600 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి, అది ఇంటి పనిముట్లతో అయ్యేది కాదు.

కొండ దారుల్లో చైను బొమ్మ ఉన్న గుండ్రటి నీలి బోర్డు కనిపిస్తే చైన్లు వేయాల్సిందే. వేశాక వేగం 50 దాటకూడదు. కారుకు వెనుక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్ ఉంటే, సెట్టింగుల్లో స్నో చైన్ మోడ్ ఆన్ చేయాలి. లేకపోతే వెనుక చక్రం వంపు తీసుకుని చైనును లోపలి గోడకు రుద్దుతుంది.

ప్రశ్న: శ్రీనగర్ ప్రయాణం కోసం చైన్లు కొని ఇంటి ముందే వేసి చూశాను. ముందు చక్రాల డ్రైవ్ కారు. నాలుగు గజాలు కదలగానే చైను వదులై మడ్‌గార్డుకు టకటకా కొట్టుకుంది. సైజు తప్పా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇంటి దగ్గర వేసి చూడటం చాలా మంచి పని. ఎండలో అరగంట పట్టే పని చలిలో, తడి చేతులతో గంటకు కూడా తెమలదు. సైజు తప్పు కాకపోవచ్చు. చైను వేసేటప్పుడు టైరు కింద నలిగిన భాగం బిగువుకు రాదు. చక్రం ఒక చుట్టు తిరిగాకే అది బయటపడి వదులవుతుంది. అందుకే వేశాక 50, 100 మీటర్లు మెల్లగా నడిపి, దిగి, మళ్లీ బిగించాలి. ఈ రెండో బిగింపు ఎగ్గొట్టడమే ఎక్కువ మంది చేసే తప్పు.

మొదటి నుంచీ చూద్దాం. చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేకు వేయండి, గేరులో పెట్టి ఇంజను ఆపండి. చైనును పట్ట మీద పరిచి చిక్కు విప్పండి. కొక్కేల నున్నటి వైపు టైరుకు, తెరుచుకునే వైపు బయటికి ఉండాలి. తిరగేస్తే కొక్కెం సైడ్‌వాల్‌ను గీస్తుంది. చైనుకుండే రింగును తెరిచి నేల మీదుగా టైరు వెనుకకు పోనిచ్చి, రెండు కొసలను పైకి తెచ్చి నడినెత్తిన కలపండి. ఇప్పుడు చేత్తో తడుముతూ ఆ రింగు టైరు వెనుక అంతటా సమంగా కూర్చుందా చూడండి. ఒకవైపు ట్రెడ్ మీదకు జారి ఉంటే పది గజాల్లో ఊడుతుంది. ఆ తర్వాత బయటి కొక్కెం తగిలించి, చైనును ట్రెడ్ మీద సమంగా సర్ది, బిగించడానికి ఉండే రంగు చైనును బిగింపు తాళం గుండా లాగండి. మిగిలిన తోకను చైనుకే తగిలించండి. అది వేలాడితే మీరు విన్న టకటక శబ్దమే వస్తుంది.

మీది ముందు డ్రైవ్ కాబట్టి స్టీరింగ్ పూర్తిగా కుడికీ ఎడమకీ తిప్పి, ఎక్కడైనా తగులుతుందేమో చూడాలి. వెనుక చైన్లు లేవు కనుక దిగుడులో గట్టిగా బ్రేకు కొడితే బండి తోక పక్కకు తిరుగుతుంది. చక్రం ఒకేచోట గిర్రున తిరగనివ్వకండి, చైను తెగేది అప్పుడే. తారు కనపడగానే ఆపి తీసేయండి. చైన్ల బదులు టైరుకు తొడిగే, బట్టతో చేసిన స్నో సాక్స్ తేలిక, ఇరుకు జాగాలో కూడా పడతాయి. అయితే ఉత్త తారు మీద త్వరగా చిరిగిపోతాయి.

ప్రశ్న: ఇక్కడ 33 పీఎస్ఐ పట్టించి పోతే మనాలిలో ఎంత ఉంటుంది? నైట్రోజన్ అయితే తగ్గదంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: నైట్రోజన్ కూడా అంతే తగ్గుతుంది. గుంతకల్లులో 30 డిగ్రీల దగ్గర 33 పట్టించారనుకుందాం. మనాలి తెల్లవారుజామున మైనస్ 5. చలి ఒక్కదానికే అయిదారు పీఎస్ఐ పడుతుంది, అంటే 27 చిల్లర. గేజి చూపేది లోపలికీ బయటికీ ఉన్న తేడాను. రెండు వేల మీటర్ల ఎత్తులో బయటి గాలి పల్చన కాబట్టి సుమారు రెండున్నర తిరిగి కలిసి గేజి 30 దగ్గర నిలుస్తుంది. అక్కడ పొద్దున్నే, బండి కదలకముందే, కంపెనీ చెప్పిన అంకెకు పట్టించండి. తిరుగు ప్రయాణంలో మర్చిపోవద్దు. అక్కడ పట్టించిన 33, ఇక్కడికి వచ్చేసరికి 36 దాటుతుంది.

ప్రశ్న: వింటర్ టైర్లకు గాట్లు ఎక్కువ కదా, మా వైపు వానలకు బాగుంటాయా? – ఆదోని

జవాబు: ఉండవు. ఆ మెత్తటి రబ్బరు మన ఎండకు కాలిన తారు మీద వేగంగా అరుగుతుంది, ట్రెడ్ ముద్దలు కదిలి బ్రేకు దూరం పెరుగుతుంది. వానకు మంచి సమ్మర్ టైరే సరైనది.

ప్రశ్న: నిరుడు వాడిన చైన్లు డబ్బాలోనే తుప్పు పట్టాయి. ఎట్లా దాచుకోవాలి? – ప్రొద్దుటూరు

జవాబు: మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు చైనుకు అంటుకుని వస్తుంది. తిరిగి రాగానే గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేలాడదీసి పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా నూనె పూసి దాచాలి. పైపై తుప్పు బ్రష్‌తో పోతుంది. లింకు సగం అరిగినా, కొక్కెం వంగినా ఆ జత పారేయండి. చైను వేసిన చక్రాల లోపలి వైపు బ్రేకు గొట్టాన్ని కూడా టార్చి వేసి చూడండి, మెరిసే గీత కనపడితే మెకానిక్‌కు చూపించాలి. వింటర్ టైర్లుంటే మిద్దె మీద రేకుల కింద పెట్టొద్దు. చీకటి గదిలో, మోటారుకూ పెట్రోలు డబ్బాకూ దూరంగా, రిమ్ముతో ఉంటే ఒకదాని మీద ఒకటి పేర్చి, రిమ్ము లేకపోతే నిలబెట్టి ఉంచండి. నిలబెట్టినవాటిని నెలకోసారి కాస్త దొర్లించాలి. తీసేటప్పుడే ఒక్కోదాని మీద చాక్‌పీసుతో ‘ముందు ఎడమ’, ‘వెనుక కుడి’ అని రాసుకోండి. బాణం గుర్తున్న టైర్లు అటుదిటు అయితే గాట్లు నీళ్లనూ మంచునూ బయటికి తోయలేవు.