పబ్బు వెనక ఎమ్మెల్యే మనుషులున్నారట.. మా ఫిర్యాదు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక నివాస కాలనీ. రెండేళ్ల కిందట మా వీధి చివర ఉన్న ఇంటిని మార్చి పబ్బు తెరిచారు. అర్ధరాత్రి దాటినా పాటల మోత ఆగదు. మా నాన్నగారికి 74 ఏళ్లు, బైపాస్ అయింది. సౌండ్ పెంచినప్పుడల్లా ఆయన గది కిటికీ అద్దాలు అదురుతాయి. 100కి ఫోన్ చేస్తే పోలీసు వాహనం వస్తుంది, కాసేపు సౌండ్ తగ్గుతుంది, వాళ్లు వెళ్లగానే మళ్లీ మామూలే. స్టేషన్‌కు వెళ్తే "సార్, అది పెద్దవాళ్లది, మీకెందుకీ టెన్షన్" అన్నారు. ఎమ్మెల్యే బావమరిదికి అందులో వాటా ఉందని, కార్పొరేటర్‌కు నెలనెలా ముడుతోందని కాలనీలో అందరూ అంటారు. ప్రారంభం రోజు ఎమ్మెల్యే రిబ్బన్ కత్తిరించిన ఫొటో నా దగ్గరుంది. ఇదంతా కాలనీ వాట్సాప్ గ్రూపులో రాశాను. వారం తిరక్కుండా పబ్బు వాళ్ల లాయరు నుంచి పరువునష్టం నోటీసు వచ్చింది. ఎమ్మెల్యే మీద కేసు పెట్టవచ్చా? నా మీద కేసు నిలుస్తుందా? అంత అండ ఉన్నవాళ్ల మీద మాలాంటివాళ్లం ఏమైనా చేయగలమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో రెండు గొడవలు కలగలిసిపోయాయి. ఒకటి మీ నాన్నగారి నిద్ర. రెండోది పబ్బుకూ నాయకులకూ ఉందంటున్న సంబంధం. మొదటిదానికి మీ ఇంట్లో ప్రతి రాత్రీ రుజువు పుడుతోంది. రెండోదానికి మీ దగ్గరున్నది ఒక ఫొటో, నలుగురు అనుకునే మాటలు. మీరేమో రెండోదాన్ని ముందు పెట్టుకుని తిరుగుతున్నారు. పబ్బువాళ్లు గట్టెక్కుతున్నది అక్కడే. నాయకుడి అండ నోటిమాట ఫిర్యాదుల మీద బాగా పనిచేస్తుంది. తేదీ, నిబంధన నంబరు, రసీదు ముద్ర ఉన్న కాగితం మీద అంత సులువుగా పనిచేయదు. ఆ కాగితాన్ని పక్కన పడేసినందుకు రేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అధికారే గానీ నాయకుడు కాదు. ఆ సంగతి అధికారికి బాగా తెలుసు.

అందుకని ముందు శబ్దం సంగతి చూద్దాం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. ఆ రాత్రి వేళల్లో సౌండ్ సిస్టమ్‌లు వాడకూడదని 5వ నిబంధన చెబుతుంది. దీనికి పబ్బుల తరఫు లాయర్లు చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు: "మాది నాలుగు గోడల మధ్య హాలు, మూసి ఉన్న చోట్లకు మినహాయింపు ఉంది." మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ గది, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి చోట్ల లోపలివాళ్లకు వినపడడానికి ఇచ్చిన వెసులుబాటు అది. వీధి చివర దాకా వినపడడానికి ఇచ్చింది కాదు. ప్రైవేటు స్థలంలో సౌండ్ సిస్టమ్ పెట్టుకున్నా, దాని సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కన్నా 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదని అదే నిబంధనలో ఉంది. అంటే మీది నివాస ప్రాంతమైతే రాత్రివేళ పబ్బు ప్రహరీ దగ్గర 50 లోపే ఉండాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దగ్గరికి వస్తుంది. అద్దాలు అదిరే మోత ఆ పరిమితిలో ఉండే ప్రశ్నే లేదు.

"మాకు అర్ధరాత్రి దాకా లైసెన్సు ఉంది" అని కూడా అంటారు. అది మద్యం అమ్మే వేళలకు ఎక్సైజ్ శాఖ ఇచ్చిన అనుమతి. మద్యం ఎప్పటిదాకా పోయవచ్చన్నది వేరు, పాటలు ఎంత గట్టిగా పెట్టవచ్చన్నది వేరు. 2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ కాలనీవాసుల కేసులో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 తర్వాత అక్కడి పబ్బుల్లో సంగీతం పెట్టవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది ఆ కేసులోని పబ్బులకు ఇచ్చిన ఉత్తర్వు, మీ వీధికి దానంతట అదే వర్తించదు. కానీ మీలాంటి మామూలు కాలనీవాళ్లు వెళ్లి అడిగితేనే అది వచ్చింది. అంతకుముందు 2005లో సుప్రీంకోర్టు, ఇంట్లో ప్రశాంతంగా ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని, ఇతరుల చెవులు చిల్లులు పడేలా మోత మోగించే హక్కు ఎవరికీ లేదని స్పష్టంగా చెప్పింది.

ఇక రుజువు. కొన్నేళ్ల కిందట ఇలాంటి గొడవతోనే ఒక రిటైర్డ్ టీచరమ్మ నా దగ్గరికి వచ్చారు. సంచిలోంచి రూళ్ల నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. స్కేలుతో గీసిన గడులు. తేదీ, మోత మొదలైన టైము, 100కి ఫోన్ చేసిన టైము, పోలీసులు వచ్చిన టైము, వాళ్లు వెళ్లాక మళ్లీ మొదలైన టైము. అలా 41 రాత్రులు. చివరి గడిలో కొన్నిచోట్ల "ఈరోజు బీపీ మాత్ర రెండోసారి వేసుకున్నాను" అని రాసుకున్నారు. అవతలి లాయరు తన క్లయింటుకు ఏ నాయకుడితోనూ సంబంధం లేదని వాదించడానికి తయారై వచ్చారు. మేం ఏ నాయకుడి పేరూ ఎత్తలేదు. జడ్జిగారు ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ ప్రభుత్వ న్యాయవాదిని ఒక్కటే అడిగారు, ఇన్నిసార్లు మీవాళ్లు వెళ్లారు కదా, ఒక్కసారైనా శబ్దం కొలిచారా అని. ఆయన దగ్గర జవాబు లేదు.

మీరూ ఈ రాత్రి నుంచే అలాంటి పుస్తకం మొదలుపెట్టండి. కిటికీ మూసి, మీ నాన్నగారి మంచం దగ్గర నుంచి వీడియో తీయండి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ చూపించే అంకె కోర్టులో కొలతగా నిలవదు, అయినా అధికారిని మీటరు పట్టుకుని రమ్మని అడగడానికి పనికొస్తుంది. వీడియోలు తీసిన ఫోన్ మార్చకండి, అమ్మకండి. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద, అవి ఏ ఫోన్‌లో, ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి.

ఫిర్యాదు స్టేషన్‌లో ఇచ్చి ఊరుకోకండి. చర్య తీసుకునే అధికారం పోలీస్ కమిషనర్‌కు, కలెక్టర్‌కు, ప్రభుత్వం నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారులకు ఉంటుంది. సిటీలో డీఎస్పీ అంటే ఏసీపీయే. మీ ఫిర్యాదు ఏసీపీ, డీసీపీల పేరున రాసి, శబ్దం కొలిపించమని, 8వ నిబంధన కింద లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వమని అడగండి. కాపీలు కాలుష్య నియంత్రణ మండలికి, ఎక్సైజ్ శాఖకు, మున్సిపల్ కార్పొరేషన్‌కు పంపండి. నేరుగా ఇస్తే మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి, చేరిన రుజువు దాచుకోండి. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఈ ఉల్లంఘనలకు ఇప్పుడు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. లైసెన్సు షరతులు తప్పితే ఎక్సైజ్ చట్టం 31వ సెక్షన్ కింద లైసెన్సును సస్పెండ్ చేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు.

ఇంటిని మార్చి పబ్బు చేశారన్నారు. నాకు అన్నిటికన్నా కంగారు పుట్టించినది ఆ మాటే. ఇల్లుగా అనుమతి తీసుకున్న భవనంలో వ్యాపారం నడుస్తుంటే అది ప్లాన్ ఉల్లంఘన. అంతకన్నా ముఖ్యంగా, అందులో చేరే వందలమందికి బయటపడే దారి ఉందా అన్నది చూడాలి. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్‌లో మేడ మీద నడిచిన పబ్బుల్లో మంటలు లేచి 14 మంది చనిపోయారు. మున్సిపల్ అధికారులను సస్పెండ్ చేసింది ఆ తర్వాతే. 2025 డిసెంబరులో గోవాలోని అర్పోరా నైట్‌క్లబ్‌లో 25 మంది పోయారు. అక్కడా అనుమతుల మీద, స్థానిక పంచాయతీ పాత్ర మీద ప్రశ్నలు మంటలు ఆరాకే గట్టిగా వినిపించాయి. మీరు ముందే అడగండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో మూడు దరఖాస్తులు పెట్టండి. ఎక్సైజ్ శాఖను బార్ లైసెన్సు కాపీ, అది ఎవరి పేర ఉంది, ఇప్పటిదాకా నమోదైన కేసులెన్ని అని అడగండి. మున్సిపాలిటీని భవన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్సు అడగండి. అగ్నిమాపక శాఖను ఫైర్ ఎన్ఓసీ అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

ఇప్పుడు ఎమ్మెల్యే సంగతి. ఎమ్మెల్యే బావమరిది పబ్బులో వాటా పెట్టడం నేరం కాదు. ఎమ్మెల్యే స్వయంగా వాటా పెట్టినా అదొక్కటే నేరం కాదు. రిబ్బన్ కత్తిరించడం అసలే కాదు, ఆ ఫొటో రుజువు చేసేది రిబ్బన్ కత్తిరించారని మాత్రమే. నేరం ఎక్కడ మొదలవుతుందంటే, పబ్బు జోలికి ఎవరూ వెళ్లకుండా చూసినందుకు ప్రజాప్రతినిధి లాభం తీసుకుంటే, లేదా అధికారిని ఒప్పించి పెడతానని ఎవరైనా డబ్బు తీసుకుంటే. అవినీతి నిరోధక చట్టంలో 7, 7ఏ సెక్షన్లు వీటి కోసమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష. డబ్బు ఎమ్మెల్యేది, పేరు బావమరిదిది అయితే అది బినామీ చట్టం కిందికి వస్తుంది, ఆదాయపు పన్ను శాఖ చూస్తుంది.

వీటికి మీరు రుజువు తేగలరా? కొంతవరకు తేగలరు, అదీ చట్టబద్ధంగా. పబ్బు నడిపేది కంపెనీ అయితే డైరెక్టర్లు, వాటాదారుల వివరాలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కట్టి చూడవచ్చు. ఎమ్మెల్యే నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఆయన, భార్య, ఆయన మీద ఆధారపడినవాళ్ల ఆస్తులు, షేర్లు ఉంటాయి. బావమరిదివి ఉండవు. అఫిడవిట్ వేసేనాటికే భార్య పేర ఉన్న వాటాను దాచారని తేలితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల దాకా శిక్ష పడే తప్పు. ఇలాంటి కాగితం ఏదైనా దొరికితే అప్పుడు ఏసీబీకి ఇవ్వండి, వాళ్ల నంబరు 1064. అధికారి హోదాలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలుపెట్టడానికి అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ కింద ముందస్తు అనుమతి కావాలి కాబట్టి ఆ దారి నెమ్మదిగా సాగుతుంది. మీ నాన్నగారి నిద్రను దానితో ముడిపెట్టకండి.

కార్పొరేటర్‌కు నెలనెలా ముడుతోందన్న మాట ఎవరు చూసి చెప్పారు? చూసినవాళ్లు ముందుకొచ్చే దాకా దాన్ని ఎక్కడా రాయకండి.

వాట్సాప్ నోటీసు విషయంలో భయపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా సాధారణ జైలు శిక్ష ఉండవచ్చు. కానీ పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదిది. పబ్బువాళ్లు మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లయింట్ వేయాలి, దాన్ని స్వీకరించే ముందే మీ వాదన వినాలని కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. ఇక్కడ ఒక తేడా గమనించండి. మీరు రాసిన మాటే, సదుద్దేశంతో, చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకు ఫిర్యాదుగా ఇస్తే చట్టంలో మినహాయింపు ఉంది. గ్రూపులో రాస్తే ఆ రక్షణ ఉండదు. అక్కడ అది నిజమనీ, ప్రజల మేలు కోసమే అన్నాననీ మీరే నిరూపించుకోవాలి. నోటీసుకు లాయరు ద్వారా చిన్న జవాబు ఇవ్వండి. మోత గురించి, ఇల్లు పబ్బుగా మారడం గురించి రాసిన ప్రతి మాటకూ కట్టుబడి ఉన్నానని చెప్పండి. వాటా గురించి, ముడుపుల గురించి విన్నమాట రాశానని, ఆ వాక్యాలు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. మీ పాత పోస్టు స్క్రీన్‌షాట్ మాత్రం తీసి దాచుకోండి.

ఎవరైనా ఇంటికొచ్చి బెదిరిస్తే అది వేరే నేరం, న్యాయ సంహితలోనే 351వ సెక్షన్. వెంటనే లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, గేటు దగ్గర కెమెరా ఉంటే ఆ రికార్డు చెరిగిపోకముందే కాపీ చేసుకోండి.

మీ ఫిర్యాదు అందిన నెల రోజులకూ కదలిక లేకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్, అంటే అధికారుల చేత వాళ్ల పని చేయించమని కోరే పిటిషన్, వేయవచ్చు. రిజిస్టరైన కాలనీ సంఘం పేరుతో వేస్తే ఖర్చు పంచుకోవచ్చు, మీ ఒక్కరి మీద ఒత్తిడి పడదు. పోలీసులు, ఎక్సైజ్, మున్సిపాలిటీ, పబ్బు ప్రతివాదులుగా ఉంటే చాలు. ఎమ్మెల్యేను చేర్చాలని కాలనీలో కొందరు పట్టుబడతారు, నాకు అనుభవమే. కాగితం చేతిలో లేకుండా చేర్చితే వాయిదాలన్నీ ఆయన పేరు తీసేయాలా వద్దా అన్న వాదనతోనే గడిచిపోతాయి, ఆ నెలలన్నీ పాటలు మోగుతూనే ఉంటాయి. మీ నాన్నగారి డిశ్చార్జి సమ్మరీ, గుండె డాక్టరు ఇచ్చే చీటీ మాత్రం మొదటి పేజీల్లోనే జతచేయించండి.