నోటితో అడిగితే చెప్తాడు... చదవమంటే తడబడతాడు!

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. వరంగల్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. నోటితో అడిగితే పాఠమంతా చెప్తాడు. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. ‘మ’కు ‘య’ రాస్తాడు, ఒత్తులు వదిలేస్తాడు. ఇంగ్లిష్‌లో ‘బి’, ‘డి’ తారుమారు. టీచరు బద్ధకం అంటున్నారు, తప్పు రాసిన ప్రతి పదం పదేసి సార్లు రాయిస్తున్నారు. మళ్లీ అదే క్లాసులో ఉంచుతామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. జ్ఞాపకశక్తికి టానిక్ ఏదైనా ఉందా? – ఓ తల్లి

జవాబు: టానిక్ కొనకండమ్మా. పాఠం నోటితో చెప్పగలిగే పిల్లాడికి జ్ఞాపకశక్తి లోపం ఎక్కడుంది? మీరు రాసిన లక్షణాలు డిస్లెక్సియాలా ఉన్నాయి. ఇందులో తెలివితేటలు మామూలుగానే ఉంటాయి, అక్షరాన్ని దాని శబ్దంతో జతచేసుకోవడమే కష్టమవుతుంది. తరచూ కుటుంబాల్లో వస్తుంటుంది కూడా. పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప ఒత్తు రాదు.

ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగుంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఐక్యూ, చదవడం, రాయడం పరీక్షలు చేయించాలి. ఎనిమిదేళ్లు దాటాక ఈ సమస్యను కచ్చితంగా నిర్ధారించవచ్చు కాబట్టి మీ బాబుది సరైన వయసే. ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డీఈఐసీ కేంద్రంలోనూ అడగండి.

రిపోర్టు చేతికొచ్చాక అసలు పని స్కూల్లో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన వైకల్యం కూడా ఉంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల మినహాయింపు వంటి వెసులుబాట్లను ఆ చట్టం ప్రస్తావించింది. వీటితో పాటు చిన్నచిన్నవి కూడా అడగండి: క్లాసులో అందరి ముందూ బిగ్గరగా చదివించొద్దని, ప్రశ్న టీచరే చదివి వినిపించాలని, సైన్స్, సోషల్‌లో స్పెల్లింగ్‌కు మార్కులు కోయొద్దని. ‘మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు’ అంటారు. వీటికి స్పెషల్ టీచర్ అక్కర్లేదు, క్లాస్ టీచర్ ఒప్పుకుంటే చాలు.

ఇక నాలుగో తరగతిలో ఆపేయడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. 2019 సవరణ 5, 8 తరగతుల్లో మాత్రమే, అదీ రాష్ట్రాలు నిర్ణయిస్తేనే, ఆపడానికి వీలిచ్చింది. పైగా అదే పాఠం అదే పద్ధతిలో ఇంకో ఏడాది చెప్తే వాడికి ఒరిగేదేమీ లేదు.

ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు చాలు. ‘చెట్టు’ను ముందు చె–ట్–టు అని చప్పట్లతో విడదీయించి, ఆ తర్వాత అక్షరాల అట్టముక్కలు పేర్చమనండి, ఒత్తు ఎక్కడొస్తుందో వాడికే తెలుస్తుంది. కథలు మీరు చదివి వినిపించండి. స్కూలున్న రోజుల్లో మాత్రమే కడుపునొప్పి అంటుంటే, ఆ సంగతి సైకాలజిస్టుకు తప్పకుండా చెప్పండి. స్కూలుకిచ్చే దరఖాస్తు కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకుని దాచుకోండి.