"మెషీన్‌లో లోపం లేదు" అని షాపువాళ్లు అంటే ఇక దారి లేదా?

ప్రశ్న: నేను స్ట్రాటజీ గేమ్స్ ఆడతాను, ముఖ్యంగా సివిలైజేషన్ 6, స్టెల్లారిస్. ల్యాప్‌టాప్ కొనే ముందు ఈ రెండు పేర్లూ సేల్స్‌మన్‌కి వాట్సాప్‌లో పంపి, పెద్ద మ్యాపు పెట్టినా ఆట చివరిదాకా స్లో కాకూడదని అడిగాను. "గ్రాఫిక్స్ కార్డు పెద్దది ఉంది సార్, ఇవి హాయిగా ఆడుకోవచ్చు" అని ఆయనే ఒక మోడల్ సూచించారు. అదే కొన్నాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆట సగం దాటాక నా వంతు ముగించి, మళ్లీ వంతు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి. ప్రాసెసర్ చిన్నదని తర్వాత తెలిసింది. మార్చమంటే "మెషీన్‌లో లోపం లేదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అంటున్నారు. కొని నాలుగు నెలలైంది. ఏం చేయగలను?

జవాబు: రిపేరు చేసే వ్యక్తి దృష్టిలో లోపం లేకపోవచ్చు. బాక్సు మీద రాసిన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు లోపల ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. కానీ చట్టం దృష్టిలో లోపం అంటే అంతే కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(10) చూడండి. ఒప్పందం ప్రకారం ఉండాల్సిన నాణ్యత లేకపోయినా, అమ్మిన వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న ప్రమాణానికైనా వస్తువు తక్కువైనా అది లోపమే. ఆ ఒప్పందం కాగితం మీదే ఉండక్కర్లేదు.

దీనికి తోడు 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఉంది. చూసుకుని కొనుక్కోవాల్సిన బాధ్యత కొనేవారిదే అన్నది అందులో సాధారణ సూత్రం. సెక్షన్ 16(1) దానికి మినహాయింపు ఇచ్చింది. మీకు ఏ పనికి కావాలో ముందే చెప్పి, ఆ సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవారి మాట మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ పనికి తగినంతగా ఉపయోగపడాలి. బిల్లులో రాయకపోయినా ఈ షరతు అమ్మకంలో ఉన్నట్టే. మీరు ఉత్త "గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి" అని ఊరుకుని ఉంటే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ని కాదు. స్ట్రాటజీ అన్నా సరిపోయేది కాదు. వేలమంది సైనికులు ఒకేసారి మైదానంలో కొట్టుకునే టోటల్ వార్ లాంటి ఆటలో గ్రాఫిక్స్ కార్డుకీ గట్టి పని ఉంటుంది. మీరు ఆడే వాటిలో చివరికి భారం పడేది ప్రాసెసర్ మీద. కంప్యూటర్ ఆడించే ప్రతి రాజ్యమూ ఎక్కడ కదలాలో, ఏం కట్టాలో లెక్కలు వేసేది అదే. రాజ్యాలు పెరిగేకొద్దీ లెక్కలు పెరుగుతాయి. స్టెల్లారిస్‌లో ఆట తేదీలు చూపే క్యాలెండర్ నత్తనడక నడవడానికి కారణం కూడా ఇదే. మీరు ఆటల పేర్లు చెప్పారు, చివరిదాకా స్లో కాకూడదన్నారు. ఆ మెసేజే మీ కేసు.

అవతలి వకీలు రెండు ప్రశ్నలు తప్పకుండా వేస్తారు. మోడల్ మీరే ఎంచుకున్నారా అన్నది మొదటిది. ఫలానా మోడలే కావాలని మీరే పేరుతో అడిగి ఉంటే సెక్షన్ 16(1) రక్షణ పోతుంది. ఆయనే సూచించారని రాశారు కాబట్టి ఆ మెసేజ్ భద్రంగా ఉంచండి. చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. ప్రింట్‌తో పాటు, ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా జత చేయండి.

రెండో ప్రశ్న, స్లో కావడానికి కారణం నిజంగా ప్రాసెసరేనా? దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఛార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్ ఫుల్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచండి. లేకపోతే బ్యాటరీ మీద నడిపారనే మాటతోనే కొట్టిపారేస్తారు. సివిలైజేషన్ 6లో ఏఐ బెంచ్‌మార్క్ అనే వేగ పరీక్ష ఉంది, ఒక్కో వంతుకు సగటున ఎన్ని సెకన్లు పడుతుందో చూపిస్తుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ పైకి పెట్టి ఒకసారి, అన్నీ కిందికి దించి ఇంకోసారి నడపండి. సెకన్లు పెద్దగా తగ్గకపోతే అడ్డు గ్రాఫిక్స్ కార్డు కాదని మాటలు అక్కర్లేకుండా తెలుస్తుంది. తేదీ కనబడేలా రెండూ వీడియో తీయండి. ప్రాసెసర్ పూర్తి పేరు కూడా ఫొటో తీయండి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ7 అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ఐ7 1355యూ 15 వాట్ల చిప్, అందులో పెద్ద కోర్లు (బరువైన లెక్కలు వేసే భాగాలు) 2. ఐ7 13700హెచ్ 45 వాట్లది, పెద్ద కోర్లు 6. బిల్లు మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి ఇచ్చి ఉంటే కేసు చాలా తేలికవుతుంది. వర్ణనకు తగ్గ వస్తువు ఇవ్వలేదని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 15 కింద నేరుగా అడగవచ్చు.

ఇక ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. పెద్ద మ్యాపులో ఆట ముదిరాక ఎంత మంచి మెషీనైనా కొంత నెమ్మదిస్తుంది. చట్టం కోరేది తగినంత ఉపయోగమే. పైగా నాలుగు నెలలు వాడారు కాబట్టి మొత్తం డబ్బు వాపసు వస్తుందని నేను హామీ ఇవ్వను. తేడా కట్టి మెరుగైన ప్రాసెసర్ ఉన్న మోడల్‌కి మార్చుకోవడం ముఖ్య కోరికగా పెట్టండి. దాన్ని కాదనడం షాపుకీ కష్టం.

ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 15 రోజులు గడువు పెట్టండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా గొడవలు అక్కడే రాజీ అవుతాయి. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు ఏ ఊళ్లో ఉన్నా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. షాపు వాదనకు భయపడి ల్యాబ్ పరీక్ష వద్దనకండి, అవసరమైతే మీరే కోరండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్న ముద్ర చూసి టెన్షన్ పడకండి, ఆ ముద్రతో చట్టం ఇచ్చిన హక్కు పోదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు, అదే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69. మీకు ఇంకా ఏడాదిన్నరకు పైగా ఉంది, కానీ నోటీసు మాత్రం ఈ వారమే పంపండి. ఒక్కో నెల గడిచేకొద్దీ వాడుకున్నారన్న వాదన బలపడుతుంది.