పొదిగించే గుడ్లను పార్సిల్‌లో పాడవకుండా ఎలా పంపాలి?

ఒక్కో గుడ్డును విడిగా బబుల్ షీట్‌లో చుట్టి, వెడల్పు కొస పైకి ఉండేలా అట్టపెట్టెలో కదలకుండా బిగించి పంపాలి. ఆ వెడల్పు కొసలో, పెంకు లోపలి పొరల మధ్య చిన్న గాలి గది ఉంటుంది. దారిలో కుదుపులకు పొర ఊడితే గాలి బుడగ అటూ ఇటూ జరుగుతుంది, పిల్ల బయటికొచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఉదాహరణకు హైదరాబాద్ నుంచి కర్నూలుకు 12 నాటుకోడి గుడ్లు పంపాలనుకోండి. రెండు మూడు రోజుల్లో పెట్టినవి, కడగనివి తీసుకోండి. గుడ్డుకు రెండు చుట్లు వేసి టేపు అంటించండి. పెంకు రంధ్రాలకు గాలి ఆడాలి కాబట్టి పైకొస మూసేయొద్దు. చిన్న పెట్టెలో నిలబెట్టి సందుల్లో నలిపిన న్యూస్‌పేపర్ కూరండి. ఊపితే చప్పుడు రాకూడదు, అదే అసలు పరీక్ష. దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి చుట్టూ రెండంగుళాల మందాన కాగితమో పొట్టో నింపండి. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం పంపకండి: ఆ వేడికి పిండం దారిలోనే ఎదగడం మొదలుపెట్టి చచ్చిపోతుంది.

పెంకు పగలకపోతే గుడ్డు బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గాలి గది ఊడినా పైకి ఏమీ కనిపించదు. అందుకే గుడ్లు అందగానే ఇంక్యుబేటర్‌లో పెట్టకుండా, వెడల్పు కొస పైకి ఉంచి 12 నుంచి 24 గంటలు చల్లటి గదిలో కదపకుండా వదిలేయాలి.