తిన్న భోజనానికి రిపోర్టు రాస్తే చేతిలో మిగిలేది ఎంత?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది: “మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నాలుగు నెలలుగా శని, ఆదివారాల్లో రెస్టారెంట్లకు మామూలు కస్టమర్‌లా వెళ్లి, తిని, అక్కడి సర్వీసు ఎలా ఉందో ఒక కంపెనీకి రిపోర్టు రాసి పంపుతున్నాడు. దీన్ని మిస్టరీ షాపింగ్ అంటారట. తిండి ఉచితమని, పైగా ఫీజు ఇస్తారని, రేపు హోటల్ రంగం వైపు వెళ్తే అనుభవంగా పనికొస్తుందని చెబుతున్నాడు. పోయిన సెమిస్టర్‌లో మాత్రం ఒక సబ్జెక్టు తప్పాడు. అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మా అక్క కొడుకు కూడా ఇదే మొదలుపెడతానంటున్నాడు. కొనసాగించనివ్వమంటారా, మాన్పించమంటారా? మావాడు చేసిన ఒక టాస్కు వివరాలు జతపరుస్తున్నాను.”

నమస్కారం. మీరు జతపరిచిన ఆ ఒక్క కాగితంలో ఉత్తరంలో కంటే ఎక్కువ సంగతులు ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. భోజనానికి తిరిగి చెల్లించే గరిష్ఠ మొత్తం 700 రూపాయలు, ఫీజు 200 రూపాయలు అని అందులో ఉంది. ఒక స్టార్టర్, ఒక మెయిన్ కోర్సు, ఒక డ్రింకు తప్పనిసరిగా ఆర్డర్ చేయాలన్న నిబంధన కూడా ఉంది. మీ అబ్బాయి ఆ మూడూ తెప్పించుకుంటే 760 రూపాయలైంది. దానిపై 5 శాతం జీఎస్టీ 38 రూపాయలు కలిసి బిల్లు 798కి చేరింది. హాస్టల్ నుంచి రానుపోను మెట్రోకు, ఆటోకు 96 రూపాయలైనట్టు అతనే పక్కన పెన్నుతో రాసుకున్నాడు. అంటే జేబులోంచి పోయింది 894 రూపాయలు, రావలసింది 900 రూపాయలు. మిగిలింది ఆరు రూపాయలు. ఆ పూట మెస్ భోజనానికి మీరు నెల మొదట్లోనే డబ్బు కట్టేశారు కనుక, రెస్టారెంట్‌లో తిన్నదాన్ని ఆదా కింద కూడా రాసుకోలేము.

ఇక సమయం సంగతి. సూచనలన్నీ చదివి, అవి అర్థమయ్యాయని తేల్చే చిన్న పరీక్ష రాయడానికి 40 నిమిషాలు, ప్రయాణానికి గంటన్నర, రెస్టారెంట్‌లో గంటా పది నిమిషాలు, రిపోర్టు నింపడానికి రెండు గంటలు, మర్నాడు కంపెనీలో రిపోర్టులు సరిచూసే ఎడిటర్ అడిగిన సందేహాలకు జవాబివ్వడానికి మరో 20 నిమిషాలు పట్టినట్టు ఆ కాగితాన్ని బట్టి తెలుస్తోంది. మొత్తం 5 గంటల 40 నిమిషాలు. ఆ డబ్బు కూడా 45 రోజుల తర్వాత చేతికి వస్తుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంతవరకు తిరిగే పెట్టుబడి మీరు పంపే పాకెట్ మనీయే. కాబట్టి సంపాదన కోసమైతే కూర్చుని తినే రెస్టారెంట్ల టాస్కులు గిట్టుబాటు కావని నిస్సందేహంగా చెప్పగలను. కౌంటర్ దగ్గర ఆర్డర్ ఇచ్చి పావుగంటలో తినేసే చోట్లు, పార్సిల్ తెచ్చుకునే టాస్కులు కాస్త నయం. ఫీజు తక్కువే అయినా ప్రశ్నలు తక్కువ, బిల్లు పరిమితి దాటే ప్రమాదమూ తక్కువ. హాస్టల్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉంటే గంటకు పడే లెక్క మెరుగ్గానే ఉంటుంది. అయితే ఒకసారి వెళ్లిన శాఖకు మళ్లీ కొన్ని నెలల దాకా పంపరు కనుక అలాంటివి త్వరగానే అయిపోతాయి.

ఇంత చెప్పి కూడా వెంటనే మాన్పించమని అనకపోవడానికి కారణం ఆ రిపోర్టే. అమెరికాలో 1940ల నాటికే ఈ పద్ధతి ఉంది. మొదట్లో గల్లా దగ్గర ఉద్యోగులు డబ్బు కాజేస్తున్నారేమో కనిపెట్టడానికి మారువేషంలో మనుషులను పంపేవారు. క్రమంగా అది కస్టమర్‌కు అందుతున్న సేవను కొలిచే సాధనంగా మారింది. ఇప్పుడు ఒక గొలుసు రెస్టారెంట్ యాజమాన్యానికి కావలసింది భోజనం బాగుందా లేదా అన్న అభిప్రాయం కాదు. తాము రాసిపెట్టుకున్న పద్ధతి ఆ రోజు, ఆ శాఖలో, ఆ వేళకు అమలైందా లేదా అన్నది వారికి తెలియాలి. లోపలికి అడుగుపెట్టిన ఎన్ని సెకన్లకు పలకరించారు, మెనూ ఎప్పుడు ఇచ్చారు, ఆర్డర్ తీసుకున్నాక తిరిగి చదివి వినిపించారా, వంటకం ఎన్ని నిమిషాలకు వచ్చింది, వేడిగా ఉందా, స్వీటు తీసుకోమని సూచించారా, వాష్‌రూమ్‌లో సబ్బు ఉందా, బిల్లు అడిగిన తర్వాత ఎంతసేపు పట్టింది అన్న ప్రశ్నలకు, ఎవరికీ అనుమానం రాకుండా, కాగితం బయటికి తీయకుండా జవాబులు సేకరించాలి. చాలామంది ఫోన్‌లో మెసేజ్ టైపు చేస్తున్నట్టు నటిస్తూ సమయాలు నమోదు చేసుకుంటారు.

అలా సేకరించినదాన్ని రాయడంలోనే అసలు కష్టం ఉంది. మొదటిసారి రాసే విద్యార్థి సాధారణంగా “సర్వర్ మర్యాదగా లేడు” అని రాస్తాడు. ఎడిటర్ దాన్ని వెనక్కి పంపుతాడు. ఆ మాటే “మధ్యాహ్నం 1 గంట 12 నిమిషాలకు టేబుల్ దగ్గరకు వచ్చిన సర్వర్ నీళ్ల గ్లాసు పెట్టి, నావైపు చూడకుండానే ‘ఏం కావాలి’ అని అడిగారు, నేను మెనూ అడిగాక పక్క టేబుల్ మీది మెనూ తీసి ఇచ్చారు” అని రాస్తే నిలుస్తుంది. మొదటిది తీర్పు, రెండోది సాక్ష్యం. ఈ రెంటికీ తేడా తెలిసిన డిగ్రీ విద్యార్థులు నా దగ్గరకు అరుదుగా వస్తారు. ఇంటర్వ్యూలో “మీ ప్రాజెక్టులో ఏం గమనించారు?” అని అడిగితే “చాలా నేర్చుకున్నాను సార్” అనేవారే ఎక్కువ. మీ అబ్బాయి ఈ నాలుగు నెలల్లో ఆ తేడాను పట్టుకున్నాడా లేదా అన్నదే నాకు ముఖ్యం. అది తెలుసుకోవడం కష్టమేమీ కాదు: మొదటి రిపోర్టుపై ఎడిటర్ ఎన్ని ప్రశ్నలు వేశాడో, చివరి రిపోర్టుపై ఎన్ని వేశాడో పోల్చి చూడమనండి. సంఖ్య తగ్గితే ఆ పని అతనికి ఏదో నేర్పుతోందని అర్థం. తగ్గకపోతే అతను తినడానికి వెళ్తున్నాడు, అంతే.

చదువుకునే రోజుల్లో నేనూ కొంతకాలం ఈ పని చేశాను. ఒకసారి బిల్లు ఫొటో తీసినప్పుడు కాగితం అంచు మడతపడి తేదీ, సమయం ఉన్న వరుస కనిపించలేదు. రిపోర్టు మొత్తాన్ని తిరస్కరించారు. ఇద్దరం తిన్న భోజనం ఖర్చు నా నెత్తిన పడింది, ఫీజు కూడా రాలేదు. ఆ రోజు కోపం వచ్చింది కానీ, నిబంధన ముందే రాసి ఉన్నందున వాదించడానికి ఏమీ లేకపోయింది. ఈ రంగంలో సగం పని చేస్తే సగం డబ్బు రాదు. చెప్పిన వేళ దాటి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లినా, తప్పనిసరి వంటకాల్లో ఒకటి మరిచిపోయినా, గడువులోగా రిపోర్టు పంపకపోయినా మొత్తం నష్టమే. బిల్లులో సర్వీస్ ఛార్జి కలిపారా అన్నది కూడా చూసుకోవాలి. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. అడిగి తీయించుకోకపోతే ఆ మొత్తం కూడా పరిమితికి మించిన ఖర్చులో చేరుతుంది.

మరొక సంగతి మీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. అతను రాసే ప్రతి ‘లేదు’ వెనక ఒక మనిషి ఉంటాడు. శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చి, రోజంతా నిలబడి పనిచేసే దాదాపు తన వయసు సర్వర్‌కు ఆ రిపోర్టు వల్ల ప్రోత్సాహకం తగ్గవచ్చు, మందలింపు రావచ్చు. అందువల్ల చూడనిదాన్ని చూసినట్టు రాయడం, ఇంటికి వచ్చాక గుర్తులేని నిమిషాలను ఊహించి నింపడం చిన్న తప్పు కాదు. అలసిపోయి రాత్రి పదకొండు గంటలకు ఫారం నింపే విద్యార్థులు ఈ తప్పే ఎక్కువగా చేస్తారు.

ఇక అనుభవంగా పనికొస్తుందన్న అతని వాదన. అది సగం నిజం. ఇలాంటి పనుల్లో గోప్యత ఒప్పందం ఉంటుంది కనుక తాను ఏ రెస్టారెంట్లను పరిశీలించాడో పేర్లు బయటపెట్టకూడదు, రిపోర్టులు ఎవరికీ చూపకూడదు. రెజ్యూమేలో “క్విక్ సర్వీస్, క్యాజువల్ డైనింగ్ విభాగాల్లో సేవా ప్రమాణాలపై ఇన్ని పరిశీలనలు చేసి, నిర్ణీత గడువులో నివేదికలు సమర్పించాను” అన్నంత వరకే రాసుకోగలడు. అలాంటి ఒక్క వాక్యం కోసం పది, పన్నెండు సందర్శనలు సరిపోతాయి. యాభై చేసినా ఆ వాక్యంలో అంకె మారుతుందే తప్ప విలువ పెరగదు.

ఆ వాక్యానికి తోడుగా మరొకటి చేరితేనే దారి కనిపిస్తుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నడిపే ఫోస్టాక్ శిక్షణలో ఒకటి రెండు రోజుల్లో ముగిసే కోర్సులు ఉన్నాయి. ఆహార వ్యాపారాల్లో ప్రతి 25 మంది సిబ్బందికి కనీసం ఒక శిక్షణ పొందిన ఆహార భద్రత సూపర్‌వైజర్ ఉండాలన్న నియమం ఉన్నందున ఆ సర్టిఫికెట్‌కు ఉద్యోగ విపణిలో అర్థం ఉంది. వేడిగా వడ్డించే వంటకాన్ని కనీసం 60 డిగ్రీల దగ్గర, చల్లగా ఉంచాల్సినవాటిని 5 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచాలో నేర్చుకున్నవాడు అదే రెస్టారెంట్‌లో కూర్చున్నా చూసే చూపు వేరుగా ఉంటుంది. అతనికి నిజంగా ఆతిథ్య రంగంపై మనసుంటే బీబీఏ తర్వాత గచ్చిబౌలిలోని నిథమ్ వంటి సంస్థల పీజీ కోర్సులను పరిశీలించవచ్చు. రెస్టారెంట్ గొలుసుల్లో క్వాలిటీ, ట్రైనింగ్ విభాగాలు, ఆడిట్ సంస్థలు, మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు కూడా ఈ అలవాటున్నవారికి అనువైన చోట్లు. అకౌంట్స్, బ్యాంకింగ్ వైపు వెళ్లాలనుకుంటే మాత్రం ఆ శనివారాలు వేరే చోట ఖర్చుపెట్టడం మేలు.

అతను పనిచేస్తున్న కంపెనీ అసలుదేనా అన్నది మీరు ఈ వారమే తేల్చుకోవాలి. నిజమైన కంపెనీ రిజిస్ట్రేషన్ కోసం డబ్బు అడగదు, డిపాజిట్ కట్టమనదు. అమెరికాలో 1998లో ఏర్పడిన మిస్టరీ షాపింగ్ సంస్థల సంఘానికి ఆసియా-పసిఫిక్ విభాగం కూడా ఉంది. సభ్యుల జాబితాలో కంపెనీ పేరు ఉందేమో చూడవచ్చు. ‘హోటళ్లకు రేటింగ్ ఇవ్వండి, రోజూ సంపాదించండి’ అంటూ వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చేవి వేరు. వాటిలో మొదట నూటయాభయ్యో రెండొందలో నిజంగానే ఖాతాలో వేస్తారు, తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్కు’ పేరుతో వేలు కట్టించుకుని మాయమవుతారు. అలాంటిదేమైనా జరిగి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు తీసుకుని ఇంటర్నెట్‌లో ఐదు నక్షత్రాల రివ్యూ రాయడం కూడా మిస్టరీ షాపింగ్ కాదు. అసలైన రిపోర్టు యాజమాన్యానికి మాత్రమే వెళ్తుంది, బయట ఎక్కడా కనిపించదు. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చిందంటే ఆ కూలి రివ్యూల బెడద ఎంతవరకు వచ్చిందో ఊహించవచ్చు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. తప్పిన సబ్జెక్టు పరీక్ష రాసేవరకు కొత్త టాస్కులు ఒప్పుకోవద్దని చెప్పండి, ఒప్పుకున్నవి ఉంటే పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత నెలకు రెండు, అది కూడా హాస్టల్‌కు దగ్గరలో, బిల్లు పరిమితి లోపల తేలేవి మాత్రమే తీసుకోమనండి. మొత్తం పన్నెండు పూర్తయ్యాక ఆపేసి, సెలవుల్లో ఏదైనా రెస్టారెంట్‌లోనో హోటల్‌లోనో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించమనండి. టేబుల్‌కు అవతలి వైపు ఎనిమిది వారాలు నిలబడితే తెలిసేది, ఇవతల కూర్చుని ఏడాది తిన్నా తెలియదు. పబ్బులు, బార్ల టాస్కులు ఎంత ఫీజు ఇచ్చినా వద్దు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు, మీవాడికి ఇంకా నిండి ఉండవు. కంపెనీ టీడీఎస్ కోసి ఉంటే రిటర్ను దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు కనుక పాన్ వివరాలు సరిగ్గా ఇచ్చాడో లేదో కూడా అడగండి.

మీ అక్కగారి అబ్బాయి విషయం వేరు, అక్కడ జాగ్రత్త మరింత అవసరం. ఎఫ్-1 వీసాపై చదివేవారు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు కానీ, క్యాంపస్ బయట పని చేయాలంటే సీపీటీ, ఓపీటీ వంటి (చదువుకు సంబంధించిన ప్రాక్టికల్ శిక్షణ కోసం ఇచ్చే) అనుమతి ఉండాలి. అక్కడ మిస్టరీ షాపర్‌ను స్వతంత్ర కాంట్రాక్టర్‌గా చూస్తారు, ఫీజును ఆదాయంగా లెక్కిస్తారు. ఒక బర్గర్, పది డాలర్ల కోసం వీసా హోదాను పణంగా పెట్టవద్దని నా మాటగా చెప్పండి. ఎవరైనా ముందుగానే చెక్కు పంపి, బ్యాంకులో వేసుకుని కొంత ఉంచుకో, మిగతాదానితో గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు అంటే అది మోసమే. చెక్కు చెల్లదని కొన్ని రోజులకు తేలేసరికి బ్యాంకు ఆ మొత్తాన్ని అతని దగ్గరే వసూలు చేస్తుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మోసం గురించి హెచ్చరికలు కూడా జారీ చేసింది. ఏ టాస్కుకైనా పేరు నమోదు చేసుకునే ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి, వారి జవాబును ఈమెయిల్‌లో తీసుకోమనండి.