పంట నష్టం జాబితా "వ్యక్తిగతం" అని ఇవ్వకపోతే ఏం చేయాలి?

వరద సాయం ఎవరెవరికి పడిందో సమాచార హక్కు కింద అడిగితే, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపారన్నారు కదండీ, నాకూ అచ్చం ఇదే జరిగింది.

మాది కోనసీమలో లంక ఊరు. 2022 జులై వరదకి మేం కౌలుకి చేస్తున్న అరటి తోట గెలలతో సహా కుళ్ళిపోయింది. పంట పోతే ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ మాకు పడలేదు. జాబితా మొత్తం జిరాక్స్ ఇమ్మని దరఖాస్తు పెడితే "సెక్షన్ 8(1)(జె)" అని, అంటే సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే క్లాజు, ఒక్క ముక్క రాసి పంపేశారు. ఒళ్ళు మండిపోయింది. కానీ నేనడిగిన జాబితాలో ఊళ్ళో వాళ్ళందరి ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లూ ఉంటాయి. అవి నాకెందుకు?

30 రోజుల్లోపే మొదటి అప్పీలు వేశాను. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పడిన డబ్బు, ఈ నాలుగే చాలు, మిగతావి సెక్షన్ 10 ప్రకారం కొట్టేసి ఇవ్వండి అని రాశాను. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కుండానే ఆఫీసు బయటపెట్టాలని సెక్షన్ 4(1)(బి) పన్నెండో అంశంలోనే ఉంది, అదీ రాశాను. కాగితాలొచ్చాయి.

నంబర్ల మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీశారు. అరుగు మీద కూర్చుని ఒక కాగితం ఎండకెత్తి చూస్తే, గీత కింద పక్కింటి పిన్నిగారి ఖాతా నంబరు అంకె అంకె కనబడుతోంది! గుండె గుభేలుమంది. మర్నాడే తీసుకెళ్ళి ఇచ్చేసి, గీసిన దాన్ని మళ్ళీ జిరాక్స్ తీయించుకున్నాను.

మా తోట సర్వే నంబరు పక్కన భూమి యజమాని పేరుంది. ఆ పేరు కూడా దాచేసి ఉంటే డబ్బెటు పోయిందో మాకు తెలిసేదే కాదు. ఆ కాగితం చూపించే తర్వాతి పంటకి ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, మా పేరు రాయించుకున్నాం.

ఇప్పుడు ఒక చిక్కుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంతో 2025 నవంబరులో 8(1)(జె) మారిపోయింది. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఆ క్లాజులోంచి తీసేశారు. నా మటుకు నాకు ఇది పెద్ద తప్పు, కౌలు రైతుకి ఉన్న పెద్ద ఆధారం అదే. కానీ దాచడం వల్ల కాపాడేదాని కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది, 4(1)(బి) కూడా పోలేదు. అప్పీల్లో రెండూ రాయండి. ఆధార్, ఖాతా నంబర్లు వద్దని, కొట్టేశాక మళ్ళీ జిరాక్స్ తీసి ఇమ్మని కూడా మీరే రాయండి.