మీటర్ల రంగు మారడం లేదు

ప్రశ్న: మా పాత కారు మీటర్ల వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీలు నేనే వేశాను, అయినా రంగు మారలేదు. ఎందుకని?

జవాబు: ఆ రంగు బల్బుది కాదండీ. చాలా పాత కార్లలో మీటరు ముఖం వెనక ఆకుపచ్చ పూతో, బల్బుకు రబ్బరు తొడుగో ఉంటుంది. తొడుగైతే లాగేయొచ్చు. పూత గోకాలంటే ముల్లు పీకాలి, అది తేడాగా కూర్చుంటే స్పీడు తప్పు చూపిస్తుంది. నేనైతే ఆ పని వద్దంటాను.

బ్యాటరీ గుర్తున్న హెచ్చరిక బల్బును మాత్రం అస్సలు మార్చకండి! చాలా పాత కార్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. అక్కడ ఎల్‌ఈడీ వేస్తే ఛార్జింగే మొదలవకపోవచ్చు. ఇప్పటికే మార్చి ఉంటే పాత బల్బే మళ్లీ పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాకే చెయ్యి పెట్టండి.

నీలం ఎల్‌ఈడీల జోలికి పోకండి, రాత్రిపూట కళ్లలో గుచ్చుకుంటుంది.